రంగు చూసి కోయవద్దు

పులికాట్ సరస్సు ఒడ్డున ద్రాక్ష పండదు. ఇక్కడి నేలలో ఉప్పు, నీటిలో ఉప్పు, సముద్రంమీదుగా వచ్చే గాలిలోనూ ఉప్పే. సూళ్లూరుపేట, తడ ప్రాంతాల వారికి దేవుడిచ్చినవి చేపలు, రొయ్యలు, పీతలు, కాస్త మెరకనున్న చోట్ల వరి పొలాలు. చలికాలంలో రాజహంసలను చూడడానికి ఎక్కడెక్కడినుంచో జనం మా ఊళ్లకు వస్తారు గాని, ద్రాక్షతోట చూడాలంటే మేమే బస్సెక్కి వెళ్లాలి. మాలో చాలామందికి ద్రాక్ష అంటే బస్టాండు దగ్గర తోపుడు బండిమీద కనిపించే గుత్తి, లేకపోతే పాయసంలో వేసే ఎండుద్రాక్ష. అంతే.

అయినా నెలకొకసారి, మొదటి ఆదివారమున, ప్రభువు బల్లమీద ద్రాక్షరసం ఉండవలసిందే. మా సంఘంలో ఆ రసం సిద్ధపరచే పని స్త్రీల సమాజానిది. పెద్దవాళ్లు ఎండుద్రాక్షను రాత్రంతా నానబెట్టి, ఉడికించి, గుడ్డలో వడకట్టేవారు. తరువాత మేము తాజా పండ్లతో చేయడం మొదలుపెట్టాము. ఆ పనిలో మేము చేసిన ఒక పొరపాటు, దానివలన ఒక కుటుంబానికి కలిగిన బాధ, ఆపైన మేము నేర్చుకున్న సంగతులు చదువరులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆ ఆదివారం జరిగినది

కొన్నేళ్ల క్రితం ఒక నెలలో నల్లద్రాక్ష చవకగా దొరికింది. నిగనిగలాడుతున్న రంగు చూసి మురిసిపోయి రెండు పెట్టెలు తెచ్చాము. ఇంటికొచ్చి నోట్లో వేసుకుంటే పళ్లు పులిసిపోయాయి. అడుగున కొన్ని పండ్లు చితికి, చీమలు పట్టి ఉన్నాయి. పారేయడానికి మనసొప్పక అన్నీ కలిపి పిసికాము. పులుపు తగ్గాలని డబ్బాడు చక్కెర పోశాము. సరిగా కాచకుండానే సీసాల్లో నింపి మూతలు బిగించాము. మూడో వారానికి ఒక సీసా మూత తానే ఎగిరిపోయింది. తక్కిన సీసాలు బాగానే ఉన్నాయిలే అనుకుని ఆదివారం బల్లకు పంపించాము.

ఆనాడు వరుసలో కూర్చున్న ఒక సహోదరుడు గిన్నె పెదవులదాకా తీసుకుని, ఆగి, తాగకుండా తిరిగి పెట్టేశాడు. మేము చూశాము గాని కారణం గ్రహించలేదు. మరునాడు ఆయన భార్య మా దగ్గరకు వచ్చింది.

"అక్కా, ఆయన సారా మానేసి ఇన్నేళ్లయింది. నిన్న ఆ వాసన తగిలినప్పటినుంచి మనిషి మనిషిగా లేడు. రాత్రంతా వసారాలో కూర్చునే ఉన్నాడు. ఆ గిన్నెలో మీరేం పోశారక్కా?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. మేము పోసినది పులిసి సారాయిగా మారుతున్న రసం. తెలియక చేశామని చెప్పగలము. కాని తెలుసుకునే ప్రయత్నమే చేయలేదని మా మనస్సాక్షి చెప్పింది.

ఆ అక్క మాట వెనుక ఉన్న బరువు ఈ ప్రాంతం వారికి తెలుసు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరకముందు మా ఊళ్లు నెల్లూరు జిల్లావి. ఆ జిల్లాలోని దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు, వర్ధినేని రోశమ్మవంటి వారు ముందు నిలబడగా, సారా అంగడి మూయించారు. 1992నాటికి ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టం వచ్చినా పోయినా, ఆ రోజుల్లో మానేసిన మాటకు నేటివరకు కట్టుబడిన మగవాళ్లు మా పాళెల్లో ఉన్నారు. ఆ సహోదరుడు వారిలో ఒకడు.

తోటలో మొదటి పాఠం

పాస్టరమ్మగారి సలహామీద మేము నలుగురం ఒక మార్చి నెలలో చిక్కబళ్లాపురం వైపు బయలుదేరాము. కర్ణాటకలోని ఆ జిల్లా, దానికి ఆనుకొని ఉన్న దొడ్డబళ్లాపురం, దేవనహళ్లి ప్రాంతాలు 'బెంగుళూరు బ్లూ' ద్రాక్షకు పేరు పొందినవి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో తెలుగు ఇంటి భాష. కాబట్టి పరాయి రాష్ట్రంలో ఉన్నామన్న భయం లేకపోయింది. నంది కొండ పరిసరాల్లోనే 1980ల చివరినుంచి ఫ్రెంచి జాతుల ద్రాక్ష నాటి సారాయి తీసే తోటలు కూడా వెలిశాయి.

తెలతెలవారుతుండగా తోట చేరాము. తలకు తగిలేటంత ఎత్తున పందిరి, దానికి వేలాడే ముదురు నీలిరంగు గుత్తులు. మేము సంతోషంతో "అన్నీ పండిపోయాయే!" అన్నాము. తోట పెద్దాయన నవ్వాడు.

"రంగు చూసి కోయవద్దమ్మా. రంగు ముందొస్తుంది, తీపి వెనకొస్తుంది. మీ పెట్టెల్లో పండ్లు అట్లా కోసినవే అయుంటాయి" అన్నాడు.

సంగతేమిటంటే, పచ్చగా గట్టిగా ఉన్న కాయ ఒక దశలో మెత్తబడి రంగు తిరుగుతుంది. అది పండడానికి మొదలే గాని ముగింపు కాదు. అక్కడినుంచి కోతకు సాధారణంగా నెలకు పైగానే పడుతుంది. ఆ రోజుల్లో ఆకులు తయారుచేసిన చక్కెర పండులోకి దిగుతుంది. పులుపు తగ్గుతూ వస్తుంది. ద్రాక్షలో ముఖ్యమైన పులుపులు రెండు. మాలిక్ ఆమ్లాన్ని పండు తన శ్వాసక్రియలో ఖర్చు చేసుకుంటుంది, ఎండ వేడిమి ఎక్కువైనకొద్దీ త్వరగా ఖర్చవుతుంది. టార్టారిక్ ఆమ్లం మాత్రం చాలావరకు నిలిచి ఉంటుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మామిడి, అరటి, సపోటా పచ్చిగా కోసి గడ్డిలో పెట్టినా పండుతాయి. ద్రాక్ష అలా పండదు. తీగెనుంచి వేరైన క్షణమే దానిలోకి తీపి దిగడం ఆగిపోతుంది. ఇంట్లో వారం రోజులు పెట్టినా వాడిపోతుందే గాని పండదు. కాబట్టి కోసేవాని తొందర కొన్నవాడు సరిచేయలేడు. మేము డబ్బాడు చక్కెర పోసి చేయబోయినది అదే.

పండినదని తెలిసేదెలా?

పెద్దాయన మాకు చేతితో, కంటితో, నోటితో చూడడం నేర్పించాడు.

మొదట గుత్తి కొన చూడాలి. గుత్తి పైభాగంలోని పండ్లు ముందుగా పండుతాయి, కొనన ఉన్నవి చివరకు పండుతాయి. పైపండు తిని మెచ్చుకుంటే మోసపోతాము. కొన పండు కూడా తియ్యగా ఉంటే ఆ గుత్తి సిద్ధమైనట్లు.

తరువాత పండును రెండు వేళ్లతో నొక్కాలి. పండినది మెత్తగా ఒదుగుతుంది గాని చితకదు. తొడిమనుంచి లాగితే పెద్దగా పెనుగులాడకుండా వస్తుంది.

ఆపైన గింజ. బెంగుళూరు బ్లూ గింజలున్న జాతి. పచ్చికాయలో గింజ ఆకుపచ్చగా ఉండి, కొరికితే వగరుగా నాలుక పట్టేస్తుంది. పండేకొద్దీ అది గోధుమరంగుకు తిరిగి, వేయించిన గింజలాగా పుటుక్కున విరుగుతుంది. సారాయి తీసేవారు ఈ గుర్తును బాగా నమ్ముతారు. ఎందుకంటే రసంతోపాటు తొక్క, గింజ కూడా తొట్టిలో రోజుల తరబడి నానుతాయి. గింజలోని వగరు సారాయిలోకి దిగుతుంది.

చివరగా తొక్క. గుజ్జు మింగేసి తొక్కను నమలాలి. పచ్చిగా ఉంటే నోరు ఆరిపోయినట్లుంటుంది. పండితే రంగు నాలుకకు అంటుతుంది, వగరు మెత్తబడుతుంది.

పండుమీద బూడిదలాంటి సన్నని తెల్లపొర ఉంటుంది. మేము దాన్ని మందు అనుకుని తుడవబోతే పెద్దాయన వద్దన్నాడు. అది పండు తన ఒంటికి తానే పూసుకునే మైనపు పొర. అది చెక్కుచెదరకుండా ఉంటే పండును ఎక్కువగా నలపలేదని అర్థం. మందు సంగతి వేరు. బూజు తెగుళ్లకు మందు కొట్టిన తరువాత ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బామీద రాసి ఉంటుంది. ఆ గడువు తప్పక పాటించాలి. ఇంటికి తెచ్చాక రసం తీసేముందు బాగా కడగాలి.

నాలుక అలసిపోతుంది

పది పండ్లు తినేసరికి మా నాలుకలు మొద్దుబారాయి. అప్పుడు పెద్దాయన కొడుకు ఒక గొట్టంలాంటి పరికరం తెచ్చాడు. దాని పేరు రిఫ్రాక్టోమీటరు. గాజుమీద ఒక చుక్క రసం వేసి వెలుతురు వైపు చూస్తే, లోపల గీతల మధ్య నీలం, తెలుపు కలిసే చోట ఒక అంకె కనబడుతుంది. ఆ కొలతను బ్రిక్స్ అంటారు. 100 గ్రాముల రసంలో దాదాపు ఎన్ని గ్రాముల చక్కెర ఉందో ఆ అంకె చెబుతుంది. వాడేముందు శుద్ధమైన నీటి చుక్క వేసి సున్నా చూపుతుందో లేదో సరిచూసుకోవాలి.

మేము ఒకే గుత్తిలో పైపండు చూస్తే 18, కొనపండు చూస్తే 14 వచ్చింది. ఒక్క పండును నమ్మితే ఎంత పొరపాటో అప్పుడర్థమైంది. అందుకే తెలిసినవారు తోటంతా తిరిగి, ఎండవైపు కొన్ని, నీడవైపు కొన్ని, గుత్తి పైన, నడుమ, కొనన కొన్ని, మొత్తం 100 నుంచి 200 పండ్లు ఏరి, కలిపి పిసికి, ఆ రసాన్ని కొలుస్తారు. బాగున్న పండ్లకే చేయి పోతుంది గనుక ముందే ఎంచుకోకుండా ఏరాలి. నాలుగైదు రోజులకొకసారి కొలిచి రాసుకుంటే తీపి పెరుగుతోందో, నిలిచిందో తెలుస్తుంది.

సారాయి తీసేవారికి ఈ అంకె ఎందుకంత ముఖ్యం? ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెరను తిని మద్యాన్ని, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటే ఒక శాతం మద్యం అవుతుంది. 22 బ్రిక్స్ ఉన్న రసం పూర్తిగా పులిస్తే దాదాపు 12 శాతం మద్యం వస్తుంది. అందుకే వారు సాధారణంగా 20నుంచి 24 వరకు ఆగి కోస్తారు. నురగ సారాయికి మాత్రం పులుపు కావాలి గనుక ముందే కోస్తారు.

అయితే ఎక్కువ ఆగినా నష్టమే. తీపి పెరిగేకొద్దీ పులుపు పడిపోతుంది. పులుపు లేని సారాయికి జీవం ఉండదు, చెడగొట్టే క్రిములకు అది త్వరగా లోబడుతుంది. మన ఎండల్లో ఈ రెండింటి మధ్య దొరికే గడువు చిన్నది. చల్లని రాత్రులు ఆ పులుపును కొంత కాపాడతాయి. 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండ చుట్టుపక్కల పీఠభూమి ఇందుకు అనుకూలించింది. కోతకు ముందు వాన పడితే పండు నీరు పట్టి పగులుతుంది, కుళ్లు పాకుతుంది. ఆకాశం వైపు చూస్తూ ఈ రోజా, రేపా అని రైతు పడే వేదన ఇక్కడిదే.

బెంగుళూరు బ్లూ పండినా తీపి ఓ మోస్తరే, పులుపు బాగా ఉంటుంది. తొక్క మందం, ఘాటైన ప్రత్యేక సువాసన. అది అమెరికా జాతి లాబ్రుస్కా రక్తమున్న ద్రాక్ష. రసానికి ఇది చక్కగా సరిపోతుంది. మన హైదరాబాదు పేరు నిలబెట్టిన అనాబ్-ఎ-షాహీ అలా కాదు. పెద్దపెద్ద లేత పసుపు పండ్లతో అది తినడానికి రాజపండు. ఒకప్పుడు ఆ నగరం చుట్టూ ఉన్న తోటలు ఇళ్ల స్థలాలుగా మారిపోయినా, రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం పలు జాతులను నేటికీ కాపాడుతోంది.

కోత, కాపుదల

ఆ తోటలో కోత సూర్యుడు పైకి రాకముందే ముగుస్తుంది. చల్లని వేళ కోసిన పండు గట్టిగా ఉంటుంది, త్వరగా పులియడం మొదలుపెట్టదు. గుత్తిని కాడ పట్టుకుని కత్తెరతో కత్తిరిస్తారు, లాగరు. చితికినవి, బూజు పట్టినవి అక్కడే ఏరి పారేస్తారు. లోతైన గంపల్లో పోస్తే అడుగువి నలుగుతాయి గనుక లోతు తక్కువ ట్రేలలో పరుస్తారు. ఒక్క చితికిన పండు చాలు, ట్రే అంతటికీ పులుపు అంటుకోవడానికి.

రాలిన గుత్తులను ఏరుకోవడానికి పొరుగు పిల్లలు వస్తే పెద్దాయన ఏమీ అనలేదు. ద్రాక్షతోటలో రాలిన పండ్లు పేదలకు, పరదేశులకు విడిచిపెట్టాలన్న లేవీయకాండము 19వ అధ్యాయపు ఆజ్ఞ మాకు జ్ఞాపకం వచ్చింది.

అక్కడ మేము తెలుసుకున్న మరో సంగతి మా గర్వాన్ని అణచింది. పండిన పండు తెస్తే రసం పులియదని అనుకున్నాము. అది తప్పు. పండిన పండులో చక్కెర ఎక్కువ గనుక ఈస్టుకు తిండి ఎక్కువ. పండినతనం రుచినిస్తుంది, చక్కెర కలపవలసిన అవసరం తీరుస్తుంది. పులియకుండా ఆపేది మాత్రం శుభ్రత, వేడిమి.

ఈ వేడిమి రహస్యం లూయీ పాశ్చర్ 1860లలో సారాయి ఎందుకు చెడుతుందో పరిశోధిస్తూ కనుగొన్నది. 1869లో అమెరికాలోని వైన్‌లాండ్ అనే ఊరిలో థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అనే మెథడిస్టు విశ్వాసి, వృత్తికి దంతవైద్యుడు, కాంకర్డ్ ద్రాక్షరసాన్ని సీసాల్లో వేడిచేసి, పులియని రసాన్ని ప్రభువు బల్లకోసం సిద్ధపరచాడు. కాంకర్డ్ కూడా లాబ్రుస్కా వంశపుదే. అంటే మన బెంగుళూరు బ్లూకు దూరపు చుట్టం.

అన్ని సంఘాల ఆచారం ఒకటి కాదు. రోమన్ కతోలిక సంఘ నియమం ప్రకారం బల్లమీద ఉండవలసినది చెడిపోని సహజమైన ద్రాక్షసారాయి. మద్యం పుచ్చుకోలేని వారికి మాత్రం అనుమతితో 'ముస్తుమ్' అనే, పులియడం ఆరంభ దశలోనే ఆపిన రసం వాడనిస్తారు. ఎవరి ఆచారం వారిది. మా సంఘం పులియని రసమే వాడుతుంది. ఆ మాట నిలుపుకోవడం మా బాధ్యత.

మేమిప్పుడు చేసే విధానం ఇది. పండ్లను కాడలనుంచి తీసి, కడిగి, గింజలు నలగకుండా చేత్తో చిదుముతాము. తొక్కలతో సహా 60, 65 డిగ్రీల సెల్సియస్ దాకా వెచ్చచేస్తే రంగు దిగుతుంది. మరిగించము. వడకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే అడుగున గాజు రవ్వలాంటి పలుకులు పేరుకుంటాయి. అవి టార్టారిక్ ఆమ్లపు లవణాలు, హాని లేదు. తేటను వంచి, శుభ్రపరచిన సీసాల్లో నింపి, గిన్నె అడుగున గుడ్డ పరచి, నీళ్లలో నిలబెట్టి, రసం 85 డిగ్రీలకు వచ్చాక 20 నిమిషాలు ఆ వేడిమీదనే ఉంచుతాము. వేడిగా ఉండగానే మూత బిగిస్తాము. కిలో పండ్లకు 600నుంచి 700 మిల్లీలీటర్ల రసం వస్తుంది. మూత తీసిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేస్తాము. మూత ఉబ్బినా, బుడగలు కనిపించినా సంకోచం లేకుండా పారబోస్తాము.

పులిసిన పళ్లు

తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులుస్తాయని ఇశ్రాయేలీయులలో ఒక సామెత ఉండేది. యిర్మీయా గ్రంథం 31వ అధ్యాయములోను, యెహెజ్కేలు 18వ అధ్యాయములోను ప్రవక్తలు ఇకమీదట ఆ సామెత పలకనక్కరలేదని ప్రకటించారు. తాగుడువలన చితికిన ఇండ్లను చూసినవారికి ఆ మాట ఎంత ఓదార్పో చెప్పనక్కరలేదు. తండ్రి తాగాడు గనుక కొడుకూ తాగవలసిందేనన్న రాత ఏమీ లేదు. మా సహోదరుని కొడుకు అందుకు సాక్షి. అతడు తడలో పనిచేసుకుంటూ కుటుంబాన్ని గౌరవంగా పోషించుకుంటున్నాడు.

చిక్కబళ్లాపురంనుంచి పండ్లు తెచ్చిన సాయంత్రం మేము ఆ దంపతుల ఇంటికి వెళ్లి, జరిగినది దాచకుండా చెప్పి, క్షమించమని అడిగాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "రేపు రసం కాచేటప్పుడు నేనొచ్చి చూడొచ్చునా?" అని మాత్రం అడిగాడు. వచ్చాడు. మొదట గుమ్మంలోనే నిలబడ్డాడు. కాసేపటికి లోపలికొచ్చి పళ్లెం ముందు కూర్చుని, చితికిన పండ్లను ఏరి పక్కన పెట్టసాగాడు. వలలో చేపలు ఏరిన చేతులు గదా, ఒక్క చెడ్డ పండు కూడా తప్పించుకోలేదు.

తరువాతి మొదటి ఆదివారం గిన్నె ఆయన వద్దకు వచ్చినప్పుడు మేము తలలు వంచుకున్నాము, చూడడానికి ధైర్యం చాలలేదు. గిన్నె ఖాళీగా తిరిగివచ్చింది.

ఇప్పటికీ రసం కాచే రోజున పండ్లు ఏరే పని ఆయనదే. కొత్తగా స్త్రీల సమాజంలో చేరిన అమ్మాయిలు నిగనిగలాడే గుత్తి చూసి ముచ్చటపడితే, మేము చెప్పేలోపలే ఆయన అంటాడు: "రంగు చూడొద్దమ్మా, కొన పండు తిని చూడండి."